నవజాత శిశువుల్లో తుంటికీలు వికాసలోపాలు: ప్రమాదకారకాల పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తొడ ఎముక పైకొస గుండ్రని తలలా ఉండి, కటి ఎముకలోని గిన్నెవంటి గుంతలో అమరి ఉంటుంది. నవజాత శిశువులో ఈ గిన్నె అధికభాగం మృదులాస్థి. తల అందులో సరిగా కుదురుకొని ఉంటేనే గిన్నె తగినంత లోతుగా ఎదుగుతుంది. లోతు చాలని గిన్నెలో తల నిలవదు. ఈ పరస్పరాశ్రయం దెబ్బతినడమే తుంటికీలు వికాసలోపం. కీలు కొద్దిగా వదులుగా ఉండటం మొదలుకొని పూర్తిగా తొలగిపోవడం వరకు దీనిలో పలు స్థాయులున్నాయి. పూర్తిగా తొలగిన స్థితి సుమారు వెయ్యి జననాలకు ఒకటి, రెండుగా కనిపిస్తుంది.

2. పేరులోని మార్పు:

పూర్వం వైద్యులు దీనిని 'పుట్టుకతో వచ్చిన తుంటి తొలగింపు' అనే అర్థమిచ్చే పేరుతో వ్యవహరించేవారు. ఆ పేరు తప్పుదారి పట్టిస్తుందని 1989లో క్లిసిక్ వాదించి, ఎదుగుదలను సూచించే 'డెవలప్‌మెంటల్' అనే విశేషణాన్ని ప్రతిపాదించారు. ఇది కేవలం పరిభాషకు సంబంధించిన సవరణ కాదు. పుట్టిననాడు సవ్యంగా కనిపించిన కీలు తరువాత చెడవచ్చు. వదులుగా తోచినది దానంతటదే కుదుటపడవచ్చు. కాబట్టి ప్రమాదకారకాలను కూడా పుట్టుకకు ముందువి, తరువాతవి అని రెండుగా పరిశీలించడం సముచితం.

3. పుట్టుకకు ముందరి కారకాలు:

3.1 ఎదురుకాళ్ళ స్థితి: గర్భంలో పిరుదులు కిందికి, మోకాళ్ళు చాచి ఉన్న బిడ్డకు ప్రమాదం ఎక్కువ. చివరి నెలల్లోని ఆ భంగిమే దీనికి మూలం గనుక సిజేరియన్ ద్వారా పుట్టినా ప్రమాదం పూర్తిగా తొలగదు.

3.2 వంశచరిత్ర: 1970లో వైన్-డేవిస్ అధ్యయనం ప్రకారం, తల్లిదండ్రులకు లోపం లేక ఒక బిడ్డకు ఉంటే తరువాతి బిడ్డకు రావడానికి 6 శాతం, తల్లికో తండ్రికో ఉంటే 12 శాతం, తల్లిదండ్రుల్లో ఒకరికీ ఒక బిడ్డకూ ఉంటే 36 శాతం అవకాశముంది.

3.3 ఆడశిశువు: ఈ లోపం మగశిశువుల్లో కంటే ఆడశిశువుల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ. కీళ్ళను సడలించే తల్లి హార్మోన్ల ప్రభావం వారిపై అధికమన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి.

3.4 గర్భంలో ఇరుకు: తొలిచూలు బిడ్డకు, ఉమ్మనీరు తగ్గిన గర్భంలోని బిడ్డకు కదలడానికి చోటు తక్కువ. సాధారణ గర్భస్థభంగిమలో ఎడమ తుంటి తల్లి వెన్నెముకవైపు ఒత్తుకొని ఉంటుంది. లోపం ఎడమవైపే ఎక్కువగా కనిపించడానికి దీనిని కారణంగా చెబుతారు.

4. పుట్టుక తరువాతి కారకం:

పై కారకాలేవీ మన చేతిలో లేవు. చేతిలో ఉన్నది పొత్తిళ్ళలో చుట్టే తీరు. కాళ్ళు వంకరపోకూడదని వాటిని నిటారుగా చాచి బిగించి చుడితే, తల గిన్నె నుండి బయటికి జరిగే ఒత్తిడి కలుగుతుంది. జపాన్‌లో 1970లలో ఈ అలవాటును మాన్పించే ప్రచారం జరిగిన తరువాత, నూటికి ఒకటికి పైగా ఉన్న తుంటి తొలగింపులు 0.2 శాతానికి తగ్గాయని యమమురో, ఇషిదా 1984లో నివేదించారు. మెడ నిలిచిన బిడ్డను తెలుగునాట చంకనెత్తుకొనే పద్ధతిలో తొడలు ఎడంగా, మోకాళ్ళు వంగి ఉంటాయి. ఇది కీలుకు అనుకూలమైన భంగిమ. అంతకుముందు నెలల్లో పొత్తిళ్ళలోనూ కాళ్ళకు ఆ వెసులుబాటు ఉండాలి.

5. కారకాల పట్టిక పరిమితి:

లోపమున్న శిశువుల్లో అధికులకు, ఆడశిశువు కావడం మినహా, మరే కారకమూ కనిపించదు. అందువల్ల ఈ పట్టిక ఎవరిని మరింత శ్రద్ధగా చూడాలో చెబుతుందే తప్ప, ఎవరిని చూడనక్కరలేదో చెప్పదు. ఒర్తొలాని 1937లో, బార్లో 1962లో వివరించిన చేతి పరీక్షలు ప్రతి శిశువుకూ అవసరమయ్యేది ఇందుకే. రెండు, మూడు నెలలు దాటితే కీలు బిగుసుకొని ఆ పరీక్షలకు అందకపోవచ్చు. అప్పుడు తొడ పక్కకు పూర్తిగా వాలకపోవడం ప్రధాన సూచన. ఎదురుకాళ్ళ శిశువులకు, వంశచరిత్ర ఉన్నవారికి సుమారు ఆరు వారాల వయసులో అల్ట్రాసౌండ్ పరీక్ష చేయడం పలుదేశాల్లో ఆచారం.

6. ముగింపు:

తొలినెలల్లో గుర్తిస్తే పావ్లిక్ పట్టీలతోనే చాలామందికి కీలు కుదురుతుంది. నడక వచ్చి, కుంటు బయటపడ్డాక గుర్తిస్తే శస్త్రచికిత్స అవసరం కావచ్చు; యౌవనంలోనే కీలు అరిగే ప్రమాదమూ ఉంది. కాబట్టి కారకాలున్న శిశువుపై ప్రత్యేకశ్రద్ధ, లేని శిశువుకు కూడా పదేపదే పరీక్ష, అందరికీ వదులైన పొత్తిళ్ళు అవసరమని ఈ పరిశీలన వల్ల తేలుతున్నది.