పెరట్లో వాన నీరు నిలుస్తోందా? మినీ ట్రాక్టర్‌తో వాటం సరిచేసుకునే పద్ధతి

చేలో నీరు నిలిస్తే పైరు పాడవుతుందని ప్రతి రైతుకూ తెలుసు. గట్టు తెంచి నీరు తీసేదాకా నిద్రపోడు. అదే రైతు ఇంటి పెరట్లో నాలుగు రోజులు నీరు నిలిస్తే మాత్రం ‘ఎండొస్తే అదే ఆరుతుంది’ అని ఊరుకుంటాడు. నష్టం అక్కడే మొదలవుతుంది. గోడ వారగా నిలిచిన నీరు పునాదిలోకి దిగుతుంది. మట్టి గోడలైతే అడుగు నాని కూలిపోతాయి. బురదలో నిలబడిన గొర్రెలు, మేకలకు గిట్టలు చెడతాయి. తడి నేల మీద పడుకునే పాడి పశువులకు పొదుగువాపు వచ్చే అవకాశం పెరుగుతుంది. బొప్పాయి, మునగ, కరివేపాకు లాంటి పెరటి చెట్లు వేరు కుళ్ళి చనిపోతాయి. వారం దాటి నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి.

ఎంత నీరు అని అనుకుంటున్నారా? సెంటు స్థలంలో 25 మి.మీ. వాన పడితే సుమారు 1,000 లీటర్ల నీరు. 5 సెంట్ల పెరడైతే 5,000 లీటర్లు. ఇంటి కప్పు మీద నుంచి దిగే నీరు దీనికి అదనం. ఇదంతా ఒక్క గంటలో రావచ్చు. దానికి దారి చూపకపోతే అదే దారి వెతుక్కుంటుంది.

పని ఎప్పుడు చేయాలి?

వేసవిలో ఒకటి రెండు జల్లులు పడి నేల కాస్త మెత్తబడినప్పుడు మొదలుపెట్టి, రోహిణి కార్తె దాటేలోగా ముగించండి. మృగశిరలో వానలు మొదలయ్యాక కదిలించిన మట్టి కొట్టుకుపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు ఎక్కువగా పడే నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల వారు సెప్టెంబరులోగా చేసుకున్నా సరిపోతుంది. నల్లరేగడి నేల తడిగా ఉన్నప్పుడు ట్రాక్టర్‌ను దింపవద్దు. చక్రాల కింద నేల బిగిసిపోయి తర్వాత నీరు అసలే ఇంకదు.

ముందు కొలత, తర్వాతే ట్రాక్టర్

కంటికి కనిపించే వాటాన్ని నమ్మవద్దు. ఒక వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని పెరట్లో నిలబడండి. నీరు ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ ఆగుతోంది, ఎటు పోతోంది చూసి, ఆగిన చోట్ల చిన్న మేకులు పాతండి. సగం సమస్య అప్పుడే అర్థమవుతుంది.

తర్వాత తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తీసుకోండి. గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీరు నింపి, ఒక కొస గోడ దగ్గర, రెండో కొస పెరటి చివర పట్టుకోవాలి. రెండు చోట్లా నీరు నిలిచిన మట్టం నుంచి నేల వరకు టేపుతో కొలవండి. గోడ దగ్గర 24 అంగుళాలు, పెరటి చివర 18 అంగుళాలు వచ్చిందనుకుందాం. అంటే పెరటి చివర 6 అంగుళాలు మెరకగా ఉంది, నీరంతా ఇంటి మీదికే వస్తోంది. మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే.

గుర్తుంచుకోవలసిన కొలతలు మూడు:

1. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలి.
2. ఆ తర్వాత ప్రతి 10 అడుగులకు రెండున్నర అంగుళాల వాటం చాలు.
3. నీటిని తీసుకుపోయే కాలువకు 100 అడుగుల పొడవుకు కనీసం 1 అడుగు దిగుడు ఉండాలి.

పెరడంతా తవ్వనక్కరలేదు

పెరడు ఇంటి వైపు వాలి ఉంటే చాలామంది మొత్తం వాటాన్ని తిప్పేయాలనుకుంటారు. ఒకసారి లెక్క వేసి చూడండి. పై ఉదాహరణలో పెరడు 50 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు అనుకుందాం. మొదటి రెండు కొలతల ప్రకారం నేల ఇంటి నుంచి చివరికి 16 అంగుళాలు దిగాలి. చివర ఇప్పటికే 6 అంగుళాల మెరక ఉంది కాబట్టి అక్కడ 22 అంగుళాలు తవ్వాలి. మొత్తం మట్టి 1,800 ఘనపుటడుగులు దాటుతుంది. 100 ఘనపుటడుగుల ట్రక్కుతో 18 ట్రిప్పులు. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే అవుతాయి. పైగా సారవంతమైన పై మట్టి అంతా పోతుంది.

దీనికి బదులు గోడకు 12 అడుగుల దూరంలో, గోడకు సమాంతరంగా ఒక వెడల్పాటి లోతులేని కాలువ తీయండి. వెడల్పు 6 నుంచి 7 అడుగులు. లోతు ఎగువ కొసన 10 అంగుళాలు, దిగువ కొసన 15 అంగుళాలు. పై నుంచి వచ్చే నీరు ఇంటి దాకా రాకుండా ఈ కాలువలో పడి పక్కకు పోతుంది. ఇందులో వచ్చే మట్టి 120 ఘనపుటడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ మట్టిని గోడ వైపు ఏటవాలుగా పరిస్తే, అణిగిన తర్వాత గోడ దగ్గర సుమారు 6 అంగుళాల మెరక వస్తుంది. అంటే బయటి నుంచి మట్టి తెచ్చే పని లేదు, బయట పారబోసే పనీ లేదు. ఇది మినీ ట్రాక్టర్‌తో ఒక రోజు పని.

కాలువను నిట్టనిలువుగా తవ్వవద్దు. అడుగు లోతుకు అటు 3 అడుగులు, ఇటు 3 అడుగుల ఏటవాలు ఉంటే గట్టు జారదు, పశువులు నడుస్తాయి, ట్రాక్టర్ కూడా దాటుతుంది.

ట్రాక్టర్ దింపే ముందు

నీటి పైపులు, బోరు కరెంటు కేబులు, మరుగుదొడ్డి గుంత ఎక్కడున్నాయో ముగ్గు పోసి గుర్తు పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకు పలకల మీద ట్రాక్టర్ ఎక్కనీయవద్దు. పూడ్చని పాత బావి ఉంటే అటు వైపు వెళ్ళనే వద్దు. గేటు వెడల్పు కొలిచేటప్పుడు ట్రాక్టర్‌తో పాటు బ్లేడు వెడల్పు కూడా చూసుకోండి. సొంత ట్రాక్టర్ లేకపోతే దగ్గరలోని కస్టమ్ హైరింగ్ సెంటర్‌లో అడగండి. బ్లేడు, గొర్రు రెండూ కావాలని ముందే చెప్పండి.

పని చేసే వరుస

1. తవ్వే చోటా మట్టి పోసే చోటా పైన ఉన్న 4 అంగుళాల మంచి మట్టిని బ్లేడుతో గీకి ఒక పక్కన కుప్ప పెట్టండి. చివర్లో ఇదే పైన పరచాలి.

2. గట్టి నేల మీద నేరుగా బ్లేడు పెడితే జారుతుంది. ముందు గొర్రుతో ఒకసారి దున్ని, రాళ్ళు, వేర్లు ఏరేయండి.

3. కాలువ తీయడానికి బ్లేడును కాస్త ఏటవాలుగా తిప్పి, వెనుక లింకు సర్దుబాటుతో ఒక మూల రెండు మూడు అంగుళాలు కిందికి ఉండేలా పెట్టండి. ఒక్కో దఫాకు 2 అంగుళాలకు మించి తీయవద్దు. ఒకేసారి లోతుగా పెడితే ట్రాక్టర్ ఆగిపోతుంది, నేల అలలు అలలుగా తయారవుతుంది.

4. గోడ వైపు మట్టిని 6 అంగుళాల పొరలుగా పోయండి. ప్రతి పొరనూ అణచిన తర్వాతే రెండోది. మట్టిలో తేమ సరిపోయిందో లేదో తెలియాలంటే గుప్పెట్లో పట్టి నొక్కండి. ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విరగాలి. పొడిగా రాలితే నీళ్ళు చల్లండి. చేతికి అంటితే ఆరనివ్వండి.

5. గోడకు 3 అడుగుల లోపు ట్రాక్టర్ చక్రం రానీయవద్దు. అక్కడ దిమ్మిసతోనే కొట్టాలి.

6. చివరగా లెవెల్ పైపుతో ప్రతి 10 అడుగులకు మళ్ళీ కొలిచి, తర్వాత పక్కన పెట్టిన పై మట్టి పరచండి.

గోడ వారగా ఏ మట్టి?

ఇసుక పోయవద్దు. నీరు నేరుగా పునాదిలోకి దిగుతుంది. నల్లరేగడి, చెరువు మట్టి కూడా పనికిరావు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు ఇస్తాయి. నెర్రెల్లోంచి నీరు పునాదికే పోతుంది. ఎర్ర మొరం మంచిది. మీ నేలే నల్లరేగడి అయితే కాలువ మట్టిని చేనుకు తోలి, గోడ వారకు మాత్రం మొరం తెచ్చుకోండి.

మరో ముఖ్యమైన సంగతి. పోసిన మట్టికి పైన పునాది గట్టు కనీసం 6 అంగుళాలు బయటికి కనిపిస్తూ ఉండాలి. అంత ఎత్తు లేకపోతే గోడ దగ్గర మెరక చేయడం మానేసి, కాలువనే మరికాస్త లోతుగా తీసుకోండి. మట్టి నేరుగా గోడకు తగిలితే చెమ్మ, చెద రెండూ లోపలికి వస్తాయి. చెట్ల మొదళ్ళ చుట్టూ కూడా మట్టి ఎగదోయవద్దు, మొదలు కుళ్ళుతుంది.

నీరు చివరికి ఎక్కడికి?

ఇది అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. ఈ మాట నేను సొంత అనుభవంతో చెబుతున్నాను.

పన్నెండేళ్ళ కిందట మా ఇంటి పెరట్లో నీరు నిలుస్తోందని ట్రాక్టర్ పిలిపించి ఒక్క పూటలో చదును చేయించాను. కొలత తీసుకోలేదు. నాలుగు ట్రక్కుల చెరువు మట్టి తోలించి గోడకు ఆనించి పోయించాను. ఆ ఏడాది మా పెరట్లో చుక్క నీరు నిలవలేదు. నేనూ సంతోషించాను. కానీ ఆ నీరంతా పక్కింటి పెద్దాయన పశువుల పాక గోడ కిందికి పోయింది. అది మట్టి గోడ. ఆగస్టులో ముసురు పట్టి, ఒక రాత్రి గోడ ఒక పక్క కూలింది. ఆ రోజు గేదెలను బయట కట్టేశారు కాబట్టి ప్రాణ నష్టం లేదు. గోడ నా ఖర్చుతోనే కట్టించాను. ఆయన నన్ను తిట్టలేదు. ‘సారూ, చేలో నీళ్ళు ఎటు పోవాలో మాకు మీరే చెబుతారు కదా, ఇంటికాడ ఎందుకు చూసుకోలేదు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మూడో ఏడు మా దొడ్డి తలుపు ద్వారబంధానికి చెద కూడా పట్టింది.

అందుకే చెబుతున్నాను. మీ నీరు పక్కవారి స్థలంలోకి పోయేలా వాటం పెట్టవద్దు. పని మొదలుపెట్టే ముందు రెండు వైపుల వారితో మాట్లాడండి. వారు కూడా కలిస్తే ఒకే కాలువ ఇద్దరికీ సరిపోతుంది. నీటిని పంచాయతీ కాలువలోకి గానీ, సొంత చేలోకి గానీ, ఇంకుడు గుంతలోకి గానీ మళ్ళించండి. ఇంకుడు గుంత ఇంటి పునాదికి కనీసం 15 అడుగుల దూరంలో, మరుగుదొడ్డి గుంతకు దూరంగా ఉండాలి. నిండితే పొర్లే నీటికి కూడా దారి పెట్టండి. ఎర్ర నేలల్లో గుంత బాగా పనిచేస్తుంది. నల్లరేగడిలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి గుంత మీదనే ఆధారపడవద్దు. పాకలోని మూత్రం, పేడ నీరు ఈ కాలువలో కలపకుండా విడిగా ఎరువు గుంతకు పంపండి.

ప్రాణం ముఖ్యం

చిన్న ట్రాక్టరే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. తిరగబడితే ఏ ట్రాక్టరైనా ఒకటే. వాలు మీద పైకీ కిందికీ నడపండి, అడ్డంగా నడపవద్దు. ముఖ్యంగా 6 అడుగులకు 1 అడుగు కంటే ఎక్కువ వాలు ఉంటే అడ్డంగా అసలే వద్దు. దిగేటప్పుడు తక్కువ గేరులోనే ఉండండి, న్యూట్రల్ చేయవద్దు. రెండు బ్రేకు పెడల్సూ కలిపి లాక్ చేయండి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళేటప్పుడు బ్లేడును నేలకు దగ్గరగానే ఉంచండి. గుంత ఎంత లోతు ఉంటే దాని అంచుకు కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. రక్షణ ఫ్రేము ఉన్న ట్రాక్టరైతే సీటు బెల్టు పెట్టుకోండి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టవద్దు. పని జరుగుతున్నంతసేపు పిల్లలు, పశువులు పెరట్లోకి రాకుండా ఒక మనిషిని పెట్టండి.

పని అయ్యాక

కాలువలో గరిక పిలకలు నాటండి. నీరు వడిగా పోయే చోట, గట్టు అంచున వట్టివేరు గానీ నిమ్మగడ్డి గానీ వరుసగా పెట్టండి. వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. మొదటి రెండు వానలకు మళ్ళీ గొడుగు వేసుకుని చూడండి. కొత్తగా పోసిన మట్టి కొంత కుంగడం మామూలే. కుంగిన చోట్ల నింపి దిమ్మిస కొట్టండి. ఏటా వానాకాలం ముందు కాలువలో చేరిన ఒండ్రు తీసి చెట్ల పాదుల్లో వేసుకోండి.

మీ నేల రకం, వాటం విషయంలో అనుమానం ఉంటే కొలతలు కాగితం మీద రాసుకుని మీ మండల వ్యవసాయ అధికారిని కలవండి. కొలతలు ముందుంటే సలహా ఇవ్వడం మాకూ సులువు. ట్రాక్టర్ గంటకు ఇంతని కిరాయి తీసుకుంటుంది. లెవెల్ పైపు ఖర్చు నూలుపోగంత. మొదట దాన్నే చేతిలోకి తీసుకోండి.