ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను

పెద్దాపురంలో రాత్రి అన్నాల వేళకు ఏ వీధిలో నడిచినా ఒక మాట చెవిన పడుతుంది: "మామ్మా, ఒక్కసారి ఫోనియ్యవా!" ఆ ఫోను పిల్లాడిది కాదు. నాన్నదో, మామ్మదో. అందులోనే ఫోన్‌పే, అందులోనే చుట్టాల వాట్సాప్ గ్రూపులు. పిల్లల ఫోను వాడకం మీద వచ్చే సలహాలు చాలావరకు ఆ పిల్లలకు సొంత ఫోను ఉందనుకుని చెప్పినవే.

యూట్యూబ్‌కు చూసే మనిషి కనపడడు, ఖాతా కనపడుతుంది. నాన్న ఖాతాలో ఏడేళ్ల పిల్ల షార్ట్స్ తిప్పుతుంటే చూసేది నాన్నే అని యూట్యూబ్ అనుకుంటుంది. రాత్రి ఆయన చూసిన నరుకుళ్ల సినిమా ముక్కల్లాంటివే పొద్దున్న పిల్ల ముందుకొస్తాయి. చట్టం కూడా ఇక్కడే జారిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలే అంది. కన్నవాళ్ల అనుమతి లేకుండా వాళ్ల వివరాలు వాడకూడదు, ఏం చూస్తున్నారో కనిపెట్టి ప్రకటనలు చూపించకూడదు అని చెప్పింది. నాన్న ఖాతాలో దూరిన పిల్లకు ఈ గొడుగు పట్టేదెవరు?

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. ఆ పథకం మంచిచెడ్డలు వేరే సంగతి. కనీసం ఆ వస్తువు ఎవరిదో, ఎందుకిచ్చారో తెలుసు. ఇంట్లో ఫోనుకు అదే లేదు.

అందుకే ముందు ఫోనులో పిల్లలకో గది కట్టాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో 'యూజర్స్' అని ఉంటుంది. అక్కడ పిల్లల పేరిట ఇంకో ఖాతా తెరిస్తే నాన్న వాట్సాప్, ఫోన్‌పే అందులో కనపడవు. ఆ సదుపాయం లేకపోతే 'యాప్ పిన్నింగ్' వెతకండి: తెరిచిన యాప్‌ను బిగించి, విప్పడానికి పిన్ అడిగేలా పెట్టుకుంటే, అది కొట్టనిదే బయటికి రాలేరు. యూట్యూబ్ కిడ్స్‌లో టైమర్ ఉంది. గడువు తీరితే అదే ఆగిపోతుంది. ఆపింది అమ్మ కాదు కాబట్టి ఏడుపు కొంత తగ్గుతుంది, మొదటి వారం మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇక యూపీఐ పిన్ పిల్లకు తెలియదుగా అంటారా, కిరాణా కొట్లో పిల్లను పక్కన నిలబెట్టుకునే కదా నొక్కుతాం!

గడువు ఎంత? భారత పిల్లల వైద్యుల సంఘం మాట ప్రకారం రెండేళ్లలోపు అసలు వద్దు, ఐదేళ్ల వరకు రోజుకు గంట దాటకూడదు, పదేళ్ల వరకు రెండు గంటల లోపు. ముద్ద ముద్దకీ చూపించే బొమ్మలు కూడా ఈ లెక్కలోవే. ఆషాఢంలో మరిడమ్మ జాతరకు చుట్టాలు దిగారంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నాన్న ఫోనుకు వేసిన తాళం మావయ్య ఫోనుకు ఉండదుగా.

కాస్త ఎదిగిన పిల్లల భయం వేరు. ఆటలో పరిచయమైనవాడు ఫొటో అడుగుతాడు, తర్వాత దాంతోనే బెదిరిస్తాడు. ఇంట్లో చెబితే ఫోను లాగేసుకుంటారని పిల్ల నోరు విప్పదు. చెప్పిన రోజున కేకలేయకండి, ఆ మెసేజీలు చెరిపేయకండి, అవే సాక్ష్యం. పిల్లల సాయానికి 1098 ఉంది. డబ్బు పోతే సైబర్ మోసాల నంబరు 1930కి ఆ క్షణమే ఫోను చేయాలి. సొమ్ము ఇంకో ఖాతాకు దాటకముందే బ్యాంకు పట్టుకోగలిగేది అప్పుడే.