మూసిన యాప్ గంట మోగించునా?

సింహాచల క్షేత్రమున శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడుగునను చందనపు పూతలోనే యుండును. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే ఆ పూతను తొలగించి భక్తులకు నిజరూప దర్శనము కల్పింతురు. ఆ ఒక్క దినము మరచినవారు మరల ఏడాది వేచియుండవలసినదే.

తిథి మారదు, ఇంగ్లీషు తేదీ మారును. 2023లో ఏప్రిల్ 23న జరిగిన చందనోత్సవము 2024లో మే 10న జరిగినది. చాంద్ర సంవత్సరము సౌర సంవత్సరముకంటె సుమారు 11 దినములు తక్కువ. ఆ లోటును పూరించుటకే అధికమాసము. 2023లో అధిక శ్రావణము వచ్చుటచే మరుసటి ఏటి ఉత్సవము అంత ఆలస్యమైనది. కావున “ప్రతి ఏడాది ఇదే తేదీ” అని ఫోనుకు చెప్పినచో అది తప్పు దినమున మోగును. పంచాంగము చూచి ఏటేటను తేదీని మనమే వ్రాసియుంచవలెను.

వ్రాసితిమి; క్యాలెండరు యాప్‌ను మూసివేసితిమి. మూసిన యాప్ నిద్రించువానితో సమానము. దానికి వేళ తెలియదు. మరి గంట మోగించునది ఎవరు? యంత్రమును నడపుచు సదా మేలుకొనియుండు ఆపరేటింగ్ సిస్టము. యాప్ తాను నిద్రపోవుటకు ముందే “ఈ దినమున, ఈ వేళకు, ఈ మాట చెప్పుము” అని దానికి అప్పగింపవలెను. రహస్యమంతయు ఈ అప్పగింతలోనే యున్నది.

1998లో ఏర్పడిన ఐక్యాలెండరు ప్రమాణము వలన ఒక వ్యవస్థలో వ్రాసిన తేదీని మరియొక వ్యవస్థ చదువుకొనగలదు. కాని గంట మోగించుట ఏ యంత్రమునకు ఆ యంత్రము చూచుకొనవలసిన పని. అందు ఒక్కొక్కదానిది ఒక్కొక్క పద్ధతి.

ఐఫోను అప్పగించిన మాటను తానే దాచుకొని వేళకు చూపును. ఐతే ఒక్కొక్క యాప్ పక్షమున 64 మాత్రమే నిలువయుంచుకొనును. ఆండ్రాయిడ్ ఫోనును ఆపి తిరిగి ఆన్ చేసినచో అప్పగించిన అలారములు చెరిగిపోవును. యాప్ వానిని మరల నమోదు చేయవలెను. సెట్టింగులలో “ఫోర్స్ స్టాప్” నొక్కినచో, తిరిగి తెరచువరకు ఆ యాప్ మౌనము వహించును. 2015లో వెలువడిన ఆండ్రాయిడ్ 6.0 నుండి, కదలక పడియున్న ఫోను బ్యాటరీ పొదుపునకై గాఢనిద్రలోనికి పోవును. అప్పుడు సాధారణ అలారములు ఆలస్యమగును. విండోస్ కూడ అప్పగింతను పుచ్చుకొనును. కాని ఆ వేళకు కంప్యూటరు ఆపియుండి, ఐదు నిమిషములు దాటినచో ఆ సందేశమును విడిచిపెట్టును. బ్రౌజరులో నడచు క్యాలెండరుకు సాధారణముగా ఇట్టి అప్పగింతయే లేదు. ఎక్కడనో యున్న సర్వరు ఆ వేళకు సందేశము పంపవలెను. ఇంటర్నెట్ లేనిచో అదియు అందదు.

పరీక్ష రుసుము కట్టు గడువైనను, దరఖాస్తునకు కడపటి దినమైనను ఇదే న్యాయము. ఉపాధ్యాయులును విద్యార్థులును చేయదగిన పని కొద్దియే. నోటిఫికేషన్లకు అనుమతి నిచ్చితిమో లేదో చూడవలెను. ఫోనును ఆపి ఆన్ చేసిన పిదప యాప్‌ను ఒకసారి తెరువవలెను. పది నిమిషముల తరువాతి వేళ నొకదానిని వ్రాసి, యాప్ మూసి, మ్రోగునో లేదో పరీక్షింపవలెను. ముఖ్యమైన దినమును గోడమీది క్యాలెండరునందును గుర్తించుట మేలు. దానికి బ్యాటరీ యక్కరలేదు.