జీవాల రోగనిరోధక కణాల్లోంచి పారుడు రోగం దారి

జీవాలు కాసేవాళ్లకు పారుడు రోగం లక్షణాలు కంఠతా వచ్చు. మొదట ఒళ్లు కాలిపోయే జ్వరం. తర్వాత కళ్లూ ముక్కూ కారడం, చీమిడి చిక్కబడటం, నోట్లో పుండ్లు. ఆపైన పారుడు, చాలా వాటికి నిమ్ము. సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్ నుంచి అటు కర్ణాటక సరిహద్దు దాకా గొర్రెలు, మేకలు మేపే వాళ్లందరికీ ఇది గండమే. ఈ లక్షణాలు ఇదే వరసలో రావడానికి కారణం కణాల పైపొరలో ఉంది.

ఆ పొర మీద గ్రాహకాలనే ప్రోటీన్లు ఉంటాయి. బయటి సంకేతాన్ని పట్టి కణం లోపలికి అందించడం వాటి పని. రోగనిరోధక కణాలు ఒకదాన్నొకటి తాకి కబురు చెప్పుకునేందుకు వాడే స్లామ్ అలాంటిదే. పారుడు రోగం తెచ్చే పీపీఆర్ వైరస్ తన హెచ్ ప్రోటీన్‌తో దాన్నే పట్టుకుంటుంది. పక్కనున్న ఎఫ్ ప్రోటీన్ వైరస్ పొరనూ కణం పొరనూ కలిపేస్తుంది. ఆర్ఎన్ఏ లోపలికి జారుతుంది.

అంటే శరీరాన్ని కాపాడాల్సిన కణాలే ముందు చిక్కుతున్నాయి. అవి వైరస్‌ను మోసుకెళ్లి లింఫు గ్రంథుల్లో దించుతాయి. అక్కడ అది పెరిగిపోతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. నిమ్ము తెచ్చే బ్యాక్టీరియాకు ఇక అడ్డుండదు.

రెండో గ్రాహకం నెక్టిన్-4. ముక్కు, నోరు, పేగుల లోపలి పొరలో పక్కపక్క కణాలను అతికించి ఉంచేది ఇదే. పైకి కనిపించదు, కణాల పక్కల్లో ఉంటుంది. అందుకే వైరస్ ఈ పొరను ఒంటి లోపలి వైపు నుంచి చేరుకుని, పైముఖం నుంచి బయటపడుతుంది. చీమిడి, పుండ్లు, పారుడు ఆలస్యంగా రావడం ఇందుకే. అప్పుడు ఒక్క తుమ్ము చాలు, పక్క జీవానికి అంటడానికి.

పిల్లలకు వచ్చే తట్టు వైరస్ దీని దగ్గరి చుట్టం. దానివీ ఈ రెండు గ్రాహకాలే. దాని మీద జరిగిన ప్రయోగాల్లో ఆశ్చర్యం గొలిపే సంగతి బయటపడింది. మనిషిలోని డెండ్రైటిక్ కణం అనే రోగనిరోధక కణం మీద డీసీ-సైన్ అనే మరో ప్రోటీన్‌ను వైరస్ తాకగానే లోపల సంకేతం పుడుతుంది. లోపల దాగిన స్లామ్ పైకొస్తుంది. తనకు కావలసిన గ్రాహకాన్ని వైరస్ కణం చేతనే తెప్పించుకుంటోందన్నమాట!

కాపరికి పారుడు రోగం అంటదు. మనిషి స్లామ్‌తో ఈ వైరస్ హెచ్ ప్రోటీన్‌కు పొత్తు సరిగా కుదరదు. అయితే హెచ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే కుదురుతుందని ప్రయోగశాలలో తేలింది. మందల్లో ఈ రోగాన్ని నిర్మూలించాలనడానికి ఇదీ ఒక బలమైన కారణమే.

తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. చాలావాటిని పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు. అలా కొత్త జీవాలు వచ్చినప్పుడు వాటితో రోగం రాకుండా మూడు వారాలు వేరుగా కట్టేసి, టీకా వేయించాకే మందలో కలపాలి. మన దేశంలో వాడే సుంగ్రీ-96 టీకా ఒక్క మోతాదు మూడేళ్ల దాకా కాపాడుతుంది. స్లామ్‌ను పట్టుకునే మరో చుట్టం, పశువులను ఊడ్చిపెట్టిన రిండర్‌పెస్ట్, ముఖ్యంగా టీకాలతో 2011 నాటికి మందల్లో లేకుండా పోయింది. పీపీఆర్‌కు ప్రపంచం పెట్టుకున్న గడువు 2030.