మొటిమలు - ముఖం మీది జిడ్డు



గత సంవత్సరం ఎమ్మిగనూరు వైపు పల్లె నుండి ఒక తల్లి తన కూతురిని ఓ.పి.కి తీసుకొచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల. చున్నీతో ముఖం కప్పుకొని కూర్చుంది. "సిస్టరమ్మా, వచ్చే నెల పిల్లను చూసేదానికి వస్తున్నారు. ఈ మొటిమలు పోయేదానికి ఏమన్నా ఇప్పించండి" అని తల్లి అడిగింది. చున్నీ తీసి చూస్తే బుగ్గలు ఎర్రగా కంది, చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి కనబడుతున్నాయి. నుదుటి నుండి గడ్డం వరకు ఒకే సైజు మొటిమలు. పక్కింటివాళ్లు చెప్పిన క్రీము ఏడాదిన్నరగా రాస్తోందట. ఆ క్రీము సంగతి తర్వాత చెబుతాను, ముందు జిడ్డు సంగతి తెలుసుకుందాం.

చర్మంలో వెంట్రుక మొలిచే రంధ్రానికి ఆనుకొని చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ముఖం, ఛాతీ, వీపు మీద ఇవి పెద్దవిగా ఉంటాయి. అందుకే మొటిమలు కూడా అక్కడే ఎక్కువ. అరచేతుల్లో, అరికాళ్లలో ఈ గ్రంథులు ఉండవు. వీటి నుండి వచ్చే నూనెను సీబం అంటారు. ఇది చెడ్డది కాదు, చర్మాన్ని ఎండిపోకుండా కాపాడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటి మీద వెన్నలాంటి తెల్లని పూత మీరు చూసే ఉంటారు. అందులో ఈ నూనె కూడా ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు ఈ గ్రంథుల పని బాగా తగ్గిపోతుంది. ఎదిగే వయసులో ఆండ్రోజన్ అనే హార్మోన్లు పెరిగినప్పుడు మళ్లీ జోరందుకుంటుంది. ఈ హార్మోన్లు మగపిల్లల్లోనే కాదు, ఆడపిల్లల్లో కూడా ఉంటాయి.

జిడ్డు ఒక్కటే మొటిమ కాదు. రంధ్రం లోపల రాలవలసిన చనిపోయిన చర్మకణాలు ఈ నూనెతో కలిసి బిరడాలాగా అడ్డుపడతాయి. వెనుక నూనె నిలిచిపోతుంది. అక్కడ క్యుటిబాక్టీరియం ఆక్నేస్ అనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇవి అందరి చర్మం మీదా ఉండేవే. నిలిచిన నూనెను విడగొట్టినప్పుడు ఆ ఆమ్లాలు మంట పుట్టిస్తాయి, ఎరుపు, వాపు, చీము వస్తాయి. బిరడా పైన నోరు తెరుచుకొని ఉంటే నల్లచుక్కలా కనబడుతుంది. ఆ నలుపు మురికి కాదు, చర్మపు రంగే గాలి తగిలి నల్లబడుతుంది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో "సబ్బుతో రోజుకు నాలుగైదుసార్లు బాగా రుద్ది కడుక్కో" అని ఎంతోమంది పిల్లలకు చెప్పాను. రుద్దితే బిరడా ఊడదు, చర్మం దెబ్బతిని మంట ఎక్కువవుతుంది. ఉదయం, సాయంత్రం తేలికపాటి సబ్బుతో మెల్లగా కడిగితే చాలు. నిమ్మరసం, టూత్‌పేస్టు వద్దు. గిల్లడం అసలే వద్దు, గుంటలు పడతాయి.

"ఉగ్గాని, బజ్జీ మానేయాలా?" అని ఆదోనిలో అడగని వారు లేరు. తిన్న బుడ్డల నూనె నేరుగా ముఖం మీదికి రాదు. తీపి పదార్థాలు, తీపి కూల్‌డ్రింకులు మాత్రం కొందరిలో మొటిమలను పెంచుతాయి. పైన రాసే నూనె సంగతి వేరు. 1970లోనే అమెరికాలో ప్లూయిగ్, ఫుల్టన్, క్లిగ్‌మన్ అనే వైద్యులు తలకు రాసే పోమేడ్ల వల్ల నుదుటి మీద మొటిమలు వస్తాయని వ్రాశారు. మన ఇళ్లల్లో రాత్రి తలకు కొబ్బరినూనె దట్టించి, అదే దిండు మీద రోజూ పడుకుంటాం. నూనె పెట్టినా నుదుటికి కారకుండా చూసుకోండి, దిండు గలీబు తరచు ఉతకండి. మెకానిక్ షెడ్లలో, మిల్లుల్లో మెషీన్ల దగ్గర పనిచేసే అన్నలకు తొడల మీద, ముంజేతుల మీద ఇలాంటి పొక్కులే వస్తాయి. ఆయిలు తడిసిన ప్యాంటు మర్నాడు మళ్లీ వేసుకోవద్దు.

ఇక ఆ క్రీము. అందులో ఉన్నది స్టెరాయిడ్. మొదట ఎరుపు తగ్గి ముఖం నున్నగా కనబడుతుంది, అదే మోసం. పోనుపోను చర్మం పలచబడి కొత్త మొటిమలు పుడతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే మంట లేస్తుంది కాబట్టి మళ్లీ రాస్తారు. ఇటువంటి క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. అయినా చీటీ లేకుండా కొన్న ట్యూబులు మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

మొటిమలకు డాక్టర్లు సాధారణంగా బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట అడాపలీన్ వ్రాస్తారు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే రంగు బట్ట వెలిసిపోతుంది, మంచి మగ్గం దుప్పటి మీద ముఖం ఆనించకండి. గర్భిణులు, గర్భం కోరుకునేవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు కలిగిస్తాయి. మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా ఆ సంగతి కూడా దాచవద్దు.

ఆ అమ్మాయి పెళ్లిచూపులు వాయిదా వేయమని తల్లికి చెప్పాం. ఆమెకు కష్టంగానే తోచింది కాని విన్నది. ఎనిమిది నెలలకు ఎరుపు చాలావరకు తగ్గింది. రెండు మూడు గుంటలు మిగిలాయి. మొన్న వచ్చినప్పుడు చున్నీ భుజం మీద ఉంది.

ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబు, ఖాళీదైనా సరే, వెంట తెచ్చుకోండి.