దమ్మంతా పెట్టెదే!

కుళాయి కింద పెట్టిన బిందె నిండిందో లేదో తొంగి చూడక్కర్లేదు. బొంగురుగా మొదలైన చప్పుడు పోనుపోనూ సన్నబడిందంటే... నిండిపోతున్నట్టే! లోపల గాలి తగ్గేకొద్దీ స్వరం పైకెక్కుతుంది. కారు డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించుకోవాలనుకునే కుర్రకారుకి తొలిపాఠం ఆ బిందె దగ్గరే ఉంది.

శ్రీకాకుళం జిల్లా కంచిలి మీదుగా వెళ్లే పదహారో నంబరు జాతీయ రహదారి మీద అయినా, ఇంకెక్కడైనా... కొన్ని కార్లలోంచి వచ్చే 'ధుమ్ ధుమ్' గుండెల్ని మీటుతుంది. మరికొన్నిట్లో పాట కంటే డిక్కీ తలుపు గడగడే ఎక్కువ! తేడా స్పీకర్‌లో కాదు, చాలాసార్లు పెట్టెలోనే. పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్‌కీ, యాంప్లిఫయర్‌కీ వేలకు వేలు పోసి, పెట్టె దగ్గరికొచ్చేసరికి మిగిలిన చెక్కతో సరిపెట్టేస్తారు.

అసలు పెట్టె ఎందుకంటారా? స్పీకర్ ముందున్న గాలిని నెడుతున్న క్షణంలోనే వెనకున్న గాలిని లాగుతుంది. విడిగా వదిలేస్తే ఆ రెండు అలలూ కొట్టుకుని బేస్ మాయమవుతుంది. పెట్టెను పూర్తిగా మూసేస్తే లోపలి గాలి స్ప్రింగులా పనిచేసి, మోత బిగువుగా వస్తుంది. గొట్టం పెడితే కథ మారుతుంది. గొట్టంలోని గాలి ఒక బరువులా, పెట్టెలోని గాలి స్ప్రింగులా మారి, రెండూ కలిసి ఒకే స్వరం దగ్గర బలంగా ఊగుతాయి. ఈ సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే వివరించాడు. ఘటం విద్వాంసుడు కుండ మూతిని పొట్టకు ఆనించి, తీసి గుంభనంగా పలికించేదీ దీంతోనే. ఆ లెక్కల్ని స్పీకర్ పెట్టెలకు పక్కాగా కుదిర్చినవాళ్లు నెవిల్ థీల్ (1961), 1970ల్లో రిచర్డ్ స్మాల్. సబ్‌వూఫర్‌తో వచ్చే కాగితం మీది అంకెలు వాళ్ల చలవే. అది పారేయకండి!

ఉదాహరణకి, లోపల 57 లీటర్ల చోటున్న పెట్టెకి పది సెంటీమీటర్ల వెడల్పు గొట్టం 26 సెంటీమీటర్ల పొడవున పెడితే అది దాదాపు 35 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. చోటు చాల్లేదని సగానికి కోశారా... 45కి ఎగబాకుతుంది! లోతు పోయి, ఒకే స్వరం బుయ్‌మని మోగుతుంది. ఆపైన ఓ ప్రమాదం. గొట్టం స్వరానికి దిగువన స్పీకర్‌కి గాలి పట్టు ఉండదు. వాల్యూమ్ పెంచితే కోన్ అదుపు తప్పి చిరుగుతుంది. అందుకే యాంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే, దాన్ని గొట్టం స్వరానికి కాస్త కింద పెట్టాలి.

చిన్న కారుకి మూసిన పెట్టే చాలావరకు మేలు. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. కారంత చిన్న గదిలో అలాంటి అలలకి సహజంగానే బలం పెరుగుతుంది. మూసిన పెట్టె కింది స్వరాల్లో పోగొట్టుకునేదాన్ని కారే కొంత పూడుస్తుంది.

ఉద్దానం తీరాన మరో తలనొప్పి తేమ. ఎండీఎఫ్ చెక్క నీరు తగిలితే ఉబ్బి, అతుకులు విడిపోతాయి. ఇక గాలి కారుతుంది, కొలతలన్నీ వృథా! వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ కాస్త ఖరీదైనా నయం. అతుకులకు లోపలంతా సిలికాన్ పట్టించాలి.

గొట్టం పెట్టె సరిగ్గా కుదిరిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్‌తో తక్కువ వాల్యూమ్‌లో 60 నుంచి 30 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా దిగుతూ కోన్‌ని చూడండి. ఎక్కడ అది దాదాపు కదలకుండా నిలిచి, గొట్టంలోంచి గాలి జోరుగా కొడుతుందో... అదే ఆ పెట్టె స్వరం.