పక్క నుంచి వేదిక మధ్యకు...

కచేరీకి వెళ్ళినప్పుడు వయొలిన్ వాయించేవారు ఎక్కడ కూర్చుంటారో గమనించారా? గాయకుడికి ఓ పక్కన. ఆయన రాగం తీస్తే వెనకే అందుకోవాలి. ఆయన ఆపినచోట ఆపాలి. ఆయన స్వరాలు వేస్తే జవాబివ్వాలి. ఎంత బాగా వాయించినా, "ఫలానావారి పాటకచ్చేరి" అనే అంటారు. మన ఆడవాళ్ళకి ఇదేమంత కొత్త సంగతి కాదు లెండి!

ఆ వాద్యమే వేదిక మధ్యకి వస్తే అది సోలో కచేరీ. వర్ణం మొదలు మంగళం దాకా బరువంతా ఆ నాలుగు తీగెల మీదే. మాటలుండవు. కానీ తెలిసిన కీర్తన వచ్చిందంటే, కమాను ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో దాన్నిబట్టి సాహిత్యం మన నాలుక మీదికి వచ్చేస్తుంది. పక్కన కూర్చున్నావిడ సన్నగా పాడేస్తుంటుంది కూడా!

వయొలిన్‌కి ఈ గౌరవం తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది ద్వారం వెంకటస్వామి నాయుడుగారినే. విజయనగరం సంగీత కళాశాలలో 1919లో వయొలిన్ ఆచార్యులుగా చేరి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. మన గోదావరి సీమ సంగతికొస్తే, ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామిగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. 2021లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

"అందరూ మగవారేనా?" అంటారా? విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారిగారున్నారు. మొదట గురువు ఇవటూరి విజయేశ్వరరావుగారు. తర్వాత మద్రాసులో ఎం.చంద్రశేఖరన్‌గారు. ఈయన చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్నారు. వయొలిన్ నేర్పింది ఎవరనుకున్నారు? కన్నతల్లి చారుబాలా మోహన్!

పక్కవాద్యానికి ఆడవాళ్ళంటే కొందరు గాయకులు మొహం తిప్పుకునే రోజులు అవి. కన్యాకుమారిగారు ఎం.ఎల్.వసంతకుమారిగారి పక్కన దాదాపు రెండు దశాబ్దాలు వాయించారు. సోలో కచేరీలూ చేశారు. వయొలిన్, వీణ, నాదస్వరం కలిపి 'వాద్యలహరి' రూపొందించారు. 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆమెకి 'సంగీత కళానిధి' ఇచ్చింది. ఆ బిరుదు అందుకున్న మొదటి మహిళా వయొలిన్ విద్వాంసురాలు ఆమే.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూద్దాం. రాజమండ్రి, కాకినాడ, భీమవరం... ఎక్కడైనా అమ్మాయికి సంగీతం చెప్పించే ఇళ్ళు తక్కువేం కాదు. పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయి వయొలిన్ వాయిస్తుంది" అని మురిసిపోతాం. పెళ్ళయ్యాక ఆ పెట్టె అటకెక్కుతుంది. పిల్లలు, చదువులు, అత్తమామల మందులు... పదిహేనేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. "నాకూ ఒకప్పుడు వచ్చేది" అన్న మాట మాత్రం మిగులుతుంది.

ఒక్కసారి ఆ పెట్టె దించి చూడండి. తీగెలు తుప్పు పట్టి ఉండొచ్చు, కమాను వెంట్రుకలు రాలిపోయి ఉండొచ్చు. అవి మార్పించుకోవచ్చు. వేళ్ళు మొదట మాట వినవు. సరళీ స్వరాల నుంచే మొదలుపెట్టండి, సిగ్గేముంది? మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక అరగంట చాలు. ఆ అరగంట మీదని ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పేయండి.

పక్కన పాడేవాళ్ళు లేరే అంటారా? ఆ అవసరం లేదని ద్వారంవారు ఏనాడో చూపించారు కదా!